మొగ దగ్గర మనిషి

ఆయన పేరు ఇక్కడ రాయను. రాస్తే ఆయనకి కొత్తగా పోయేదేమీ లేదు, మనిషే లేడు. కానీ ఆ ఊళ్ళో ఆ పేరు వినగానే ఇప్పటికీ కొందరు మొహం తిప్పుకుంటారు, కొందరు కళ్ళు తుడుచుకుంటారు. ఒకే మనిషి రెండూ చేయడం కూడా చూశాను. అందుకని ఆయన అనే రాస్తాను.

పోయిన ఆదివారం గోపాలపట్నం చేపల బజారులో ఒకామె పండుగప్పను మొప్పల దగ్గర పట్టి ఎత్తి, "తాజా సేప బాబూ, సూసుకో," అంది. చేయి చాచినవాణ్ణి ఆగిపోయాను. పక్కనున్న బకెట్లో చేయి ముంచి, బాగా తడిచేసుకుని, అప్పుడు చేపను పట్టుకున్నాను. చచ్చిన చేపని తడిచేత్తో ముట్టుకునే వెర్రిబాగులవాణ్ణి ఆమె అంతకు ముందెప్పుడూ చూసి ఉండదు. "సచ్చిపోనాది కదా బాబూ, దానికింకేటవుద్ది?" అని నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వి, చేప కొనకుండానే ఇంటికొచ్చాను. ఆ అలవాటు నాకు చేసినది ఆయనే.

ముందు నా పని గురించి చెప్పాలి. ద్వారకా నగర్‌లో రెండు కోచింగ్ సెంటర్ల నడుమ మేడమీద మా ఆఫీసు. కింద కుర్రాళ్ళు ఉద్యోగ పరీక్షల లెక్కలు చేస్తుంటే పైన మేము చేపల లెక్కలు చేస్తుండేవాళ్ళం. గోస్తని ఏట్లో చేప తగ్గిపోయిందని ఒక పథకం పెట్టి, నన్ను అందులోకి కాంట్రాక్టు మీద తీసుకున్నారు. ఏరు సముద్రంలో కలిసేచోటుని అక్కడివాళ్ళు మొగ అంటారు. పండుగప్ప సముద్రంలో గుడ్లు పెడుతుంది. పిల్లలు మొగ దాటి ఏట్లోకి ఎక్కి, పైన మంచినీళ్ళలో పెరిగి, పెద్దవయ్యాక మళ్ళీ సముద్రానికి దిగుతాయి. కత్తిపరిగె చేపలదీ ఇంచుమించు ఇదే వరస. పోకకైనా రాకకైనా వాటికి ఉన్న గుమ్మం మొగ ఒక్కటే.

ఎండాకాలంలో సముద్రం మీద వేట నిషేధం ఏటా ఉండేదే. మా పథకం కింద ఆ రోజుల్లో మొగలో కూడా వల పడకూడదన్నారు, మూడేళ్ళపాటు. చేప కోలుకుంటోందో లేదో చూడడానికి వారానికి రెండుసార్లు మేమే వల విసిరి, పడినవాటిని కొలిచి, తోక అంచు చిటికెడు కత్తిరించి గుర్తు పెట్టి, తిరిగి నీళ్ళలో వదిలేయాలి. మేమంటే నేను, ఆయన. మొగ ఒడ్డు ఊళ్ళో అరవై దాటిన జాలరి, బక్కపలచటి మనిషి. మొగకి కాపలాదారుగా కూడా ఆయన్నే పెట్టారు. ఆఫీసువాళ్ళు ఒక టోపీ, ఒక విజిల్ ఇచ్చారు. విజిల్ ఇంట్లో మేకుకి వేలాడేది. టోపీ మాత్రం నేను పట్నంనుంచి వచ్చే రోజున, నా మర్యాద కోసం పెట్టుకునేవాడు.

మొదటిరోజు వలలో పడిన కత్తిపరిగెను నేను గబుక్కున పట్టుకోబోతే నా మణికట్టు పట్టుకుని ఆపాడు.

"పొడి సేత్తో ముట్టుకోకు బాబూ. దానికి కాలుద్ది."

చేప ఒంటిమీద జిగురు ఉంటుందనీ, పొడి చేయి తగిలితే అది ఊడి ఆ చోట పుండు పడుతుందనీ నేను పుస్తకంలో చదివినవాణ్ణే. చదివి కూడా పొడి చేయి పెట్టబోయాను. ఆయన నా చేతులు రెండూ తీసుకెళ్ళి ఏట్లో ముంచాడు, చంటిపిల్లలకి అన్నం ముందు కడిగినట్టు. సిగ్గేసింది కానీ కోపం రాలేదు.

కొలతల కాగితాన్ని ఆయన జాతకం అనేవాడు. "దీని జాతకం రాసుకో బాబూ," అని చేపను కొలబద్ద పలకమీద పడుకోబెట్టేవాడు. రాయడం అయ్యాక రెండు చేతులతో నీళ్ళలో దించి, అది తనంతట తను కదిలేదాకా పట్టుకుని, అప్పుడు వేళ్ళు విప్పి "ఎల్లిరా" అనేవాడు. ప్రతి చేపకీ. ముప్ఫై చేపలు పడితే ముప్ఫైసార్లు. ఎండ మాడ్చేస్తుంటే నాకు ఒళ్ళు మండేది.

"మావా, అన్నిటికీ చెప్పాలా? ఒకసారి గుంపుగా చెప్పేయ్."

"ఎల్లు అంటే ఎల్లిపోద్ది బాబూ. మన ఇంట్లోంచి ఎల్లినోల్లకి ఎవులికైనా అలగ అంటామేటి?"

మావా అనడం నాకు నెలరోజులకే అలవాటైపోయింది. మాది పద్మనాభం దగ్గర పల్లె, వరి పండించుకునే కుటుంబం. మా పొలాల పక్కనుంచే గోస్తని దిగి వస్తుంది. ఆ సంగతి తెలిసిన రోజునుంచీ ఆయన నన్ను పట్నం మనిషిగా చూడడం మానేశాడు. "నువ్వు పైన, నాను కింద. ఏరొకటే," అనేవాడు.

ఆయన ఈ పనికి ఎందుకు ఒప్పుకున్నాడో చెప్పకపోతే మిగిలినదేదీ అర్థం కాదు. మొదటి మీటింగు రోజున ఊళ్ళో ఒక్కరికీ ఈ నిషేధం ఇష్టం లేదు. సముద్రంమీద వేట ఆగిన రోజుల్లో మొగలో నాలుగు చేపలు పడితేనే వాళ్ళ ఇళ్ళల్లో కూర. కులపెద్దలు కుదరదనేశారు. అప్పుడు మా పై అధికారి కుర్చీలోంచి లేచి, "మూడేళ్ళు ఓపిక పట్టండి. చేప తిరిగొస్తుంది. ఆ తర్వాత ఏరు మీదే, వేట మీదే," అన్నారు. నేను అధికారి పక్కనే ఫైలు పట్టుకుని నిలబడి ఉన్నాను, చెవులారా విన్నాను. జనం ఇంకా గొణుగుతూనే ఉంటే ఈయన లేచాడు. తన చిన్నప్పుడు మొగలో నీళ్ళకంటే చేపలే ఎక్కువ కనబడేవని చెప్పాడు. "మూడేల్లే కదా. నాను కాపలా ఉంటాను. సేప రాకపోతే నన్నడగండి," అన్నాడు. ఆ మాటమీద ఊరు ఒప్పుకుంది. అధికారి మాటమీద కాదు.

రెండో ఏడు నిషేధంలో ఒకరోజు తెల్లవారి నేను వెళ్ళేసరికి మొగకి అడ్డంగా వల కట్టి ఉంది. ఒడ్డున ఆయన సొంత తమ్ముడు నిలబడి ఉన్నాడు. ఇద్దరివీ ఒకే గోడకి అటూ ఇటూ ఇళ్ళు. ఆయన మొలలోతు నీళ్ళలో నిలబడి వలను మెల్లగా లాగుతున్నాడు. తిట్టడం లేదు, అరవడం లేదు.

"అన్నా, ఇంట్లో ఏటీ నేదు. ఒక్కపూటకే కదా," అన్నాడు తమ్ముడు.

"ఇంకొక్క ఏడాదిరా. ఓపిక పట్టు మరి."

వలలో పదకొండు కత్తిపరిగెలు, ఒక పిల్ల పండుగప్ప. ఆయన చేతులు తడిచేసుకుని నావైపు చూసి, "రాసుకో బాబూ," అన్నాడు. దొంగవలలో పడ్డవి మన లెక్కలోకి రావు మావా అన్నాను. "ఎవుడి వలో సేపకేటి తెలుసు? ఉన్నది ఉన్నట్టు రాసుకో," అని, తమ్ముడి ఎదురుగానే పన్నెండిటినీ ఒక్కొక్కటిగా కొలిచి, తోక కత్తిరించి, ఎల్లిరా, ఎల్లిరా అంటూ వదిలాడు. ఆకలిమీదున్న మనిషి ముందు చేయాల్సిన పనేనా అది? నాకైతే ఎటు చూడాలో తెలియలేదు. తమ్ముడు ఖాళీ వలను చుట్టుకుని, "సేపలకి ఎల్లిరా అంటన్నావు. నాకు ఎల్లు అంటన్నావు," అని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆ అన్నదమ్ములు మాట్లాడుకోగా నేను చూడలేదు.

మూడో ఏడు చేప వచ్చింది. ఊరికే రావడం కాదు. వల విసిరితే ఎత్తలేనంతగా వచ్చింది. జాతకాలు రాసి రాసి నా వేళ్ళు నొప్పెట్టేవి. తొలకరి పడ్డాక ఒకరోజు మా ఊరినుంచి చిన్నాన్న ఫోను చేశాడు. "ఒరే, నువ్వు సెప్పిన తోక తెగిన సేపొకటి మన పొలంకాడ ఏటి గుంటలోకొచ్చినాదిరా," అన్నాడు. నేను ఆఫీసులో చెప్పకుండా బండి తీసి నేరుగా మొగకి పోయాను.

ఆయన నాచేత ఆ కబురు మూడుసార్లు చెప్పించుకున్నాడు. గుంట ఎంత లోతు? అడుగున ఇసకా బురదా? చేప జానెడుందా, మూరెడుందా? తోక ఏ పక్క తెగి ఉంది? నాకు తెలిసినవి చెప్పాను, తెలియనివి ఫోనులో అడిగి చెప్పాను. చివరికి మెల్లగా అడిగాడు.

"మీ సిన్నాన్న దాన్నేటి సేసినాడు?"

"వండేశాడు మావా."

కాసేపు నన్నే చూశాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. కూర్చుని, కళ్ళల్లో నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు.

"బాగున్నాదంటా?"

"చాలా బాగుందట."

"ఉంటాది మరి. నా సేతిలోంచి ఎల్లిన సేప."

ఆ రోజు ఆయన ఊరంతా తిరిగి ఆ కబురు చెప్పాడు, తమ్ముడి గుమ్మం ముందు కూడా నిలబడి గట్టిగా ఎవరితోనో చెబుతున్నట్టు చెప్పాడు. అంత సంతోషంగా ఉన్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు. ఆ చేప కబురే రిపోర్టుకి గుండెకాయ అనుకుని, చిత్తుప్రతిలో మొదటి పేజీలోనే రాసి పై అధికారికి పంపాను.

సాయంత్రానికల్లా అధికారి నన్ను పిలిపించారు. మొహం వెలిగిపోతోంది. "అద్భుతమయ్యా. ఇంత ఫలితం వచ్చాక మళ్ళీ వలలు వదిలితే పాడైపోదూ? ఏడాది పొడుగునా మూసేద్దాం. రికమెండ్ చేస్తూ ఫైనల్ చెయ్," అన్నారు. మూడేళ్ళని చెప్పాం కదండీ అన్నాను. "అప్పుడు పరిస్థితి వేరు," అన్నారు.

మొగకి పోయాను, ఈ మాట ఆయనకి చెప్పకుండా దాచలేకపోయాను. పడవ నీడలో కూర్చుని ఉన్నాడు.

"తక్కువ రాసీ బాబూ. సగం రాయి. నా కోసం."

ఎవరి వలైనా ఉన్నది ఉన్నట్టు రాయమన్న మనిషి ఆ మాట అడగడానికి ఎంత దిగాల్సివచ్చిందో నాకు తెలుసు. ముందే ఆలోచించి ఉన్నాను కాబట్టి వెంటనే చెప్పాను. "సగం రాస్తే, చేప ఇంకా కోలుకోలేదు, మరో ఐదేళ్ళు మూయాలి అంటారు మావా."

"ఉన్నది రాత్తే?"

"కోలుకుంది, ఇప్పుడు కాపాడుకోవాలి అంటారు."

"అయితే సేప నేకపోతేనే ఏరు మాది," అన్నాడు. అని, పక్కనున్న గుల్ల ఒకటి తీసి ఇసకలో పాతిపెట్టడం మొదలెట్టాడు. నేను లేచి వచ్చేసేటప్పుడు ఎప్పుడూ అనే ఎల్లిరా కూడా అనలేదు.

రిపోర్టులో ఉన్నది ఉన్నట్టే రాశాను. నిజాయితీ అని చెప్పుకోను. రెండు దారులూ ఒకచోటికే పోతున్నప్పుడు నాకు కష్టం లేని దారిలో పోయాను, అంతే.

మూసివేత ఉత్తర్వుని ఊళ్ళో చదివి వినిపించడానికి సభ పెట్టారు. దాన్ని సభ అనలేదు, సన్మానం అన్నారు. ఒడ్డున షామియానా, మైకు, పూలదండ, శాలువా. ఉక్కపోతలో ఆయన్ని వేదికమీద కూర్చోబెట్టి శాలువా కప్పారు. మీ ఊరివాడి కృషివల్లే ఇంత చేప తిరిగొచ్చిందని అధికారి పొగిడారు. ఆయన కొలిచి నాచేత రాయించిన అంకెలని మైకులో చదివారు. పండుగప్ప పద్మనాభం దాకా ఎక్కిందని చెప్పినప్పుడు చప్పట్లు కొట్టారు, ఆఫీసువాళ్ళు మాత్రమే. తర్వాత, అందుచేత మొగను ఏడాది పొడుగునా మూస్తున్నాం, ఎవరూ దిగరాదు అని చదివారు. ఎదురుగా ఊరంతా ఇసకలో కూర్చుని ఆయనవైపే చూస్తోంది. శాలువా తీయడానికి లేదు, కప్పుకుని ఉండడానికి లేదు. చెమట గడ్డంనుంచి కారుతోంది.

ఆయన లేచి మైకు దగ్గరికొచ్చాడు. మైకుకి అలవాటు లేని మనిషి, దాన్ని ముట్టుకోకుండా దూరంగా నిలబడి మాట్లాడాడు.

"మూడేల్ల తరవాత ఏరు మీదే అన్నారు కదండీ. మొదటి మీటింగులో అన్నారు. ఈ బాబు ఉన్నాడు ఆ రోజు."

అధికారి నావైపు తిరిగారు. "అలా ఎక్కడైనా రాసి ఉందా?"

నా కాంట్రాక్టు ఆ నెలాఖరుతో అయిపోతుంది. మళ్ళీ ఇస్తారో లేదో ఇంకా చెప్పలేదు. చేతిలో ఫైలు ఉంది. తెరిచి చూడక్కర్లేదు, దాన్ని రాసినవాణ్ణి నేనే.

"రాసి లేదండి," అన్నాను.

అది అబద్ధం కాదు. అన్నారా లేదా అని ఆయన అడిగాడు, రాసి ఉందా అని అధికారి అడిగారు. నేను రెండోదానికి జవాబు చెప్పాను. ఇన్నాళ్ళయినా ఆ రెండు మాటలూ నన్ను వదల్లేదు, సిగ్గు విడిచి చెబుతున్నాను. నాకు కాంట్రాక్టు మళ్ళీ ఇచ్చారు.

ఆ రోజునుంచి ఆయన నన్ను సారు అన్నాడు. వెటకారం లేదు, కోపం లేదు. చేపను పలకమీద పెట్టి, "రాసుకోండి సారు," అనేవాడు. ఊరు ఆయన్ని వెలివేయలేదు. వెలివేస్తే బాగుండేది, కనీసం తగువు పెట్టుకోవచ్చు. ఎదురొస్తే పక్కకి జరిగేవారు. పిలిస్తే పలికేవారు. ఎవరూ తమంతట తాము పిలిచేవారు కాదు. ఒకసారి ఉండబట్టలేక అడిగాను, ఇంత బాధపడుతూ ఈ కాపలా మానేయరాదా అని.

"నాను మానేత్తే బయటోన్ని పెడతారు సారు. ఆడికి మావోల్లు దొంగలు. నాకు తమ్ముల్లు," అన్నాడు. "ఆడు విజిలేత్తాడు. నాను దగ్గరికెల్లి, ఒద్దురా అంటాను. ఆ పాటి తేడా అయినా ఉండాల కదా."

అందుకే ఉండిపోయాడు. ఉన్నందుకు ఊరికి కాకుండా పోయాడు.

మొగకి సంబంధించి ఆ ఊరికి ఒక పని ఉంది. మా పథకంలో ఎవరికీ తట్టనిది. ఎండాకాలం చివరికి అలలు ఇసక తెచ్చిపోసి మొగ పూడిపోతుంది. తొలకరికి ముందు ఒకరోజు ఇంటికొక మనిషి చొప్పున పారలు పట్టుకొచ్చి, పొద్దుగూకేలోగా కాలవ తీసి ఏటిని సముద్రంలో కలుపుతారు. అప్పుడే పిల్ల చేపకి పైకెక్కే దారి. మేము రాని రోజున ఒక్కపూటలో జరిగిపోయే ఆ పని తాతలనాటినుంచి ఉందని మాకు తెలియదు. మా పటంలో మొగ ఎప్పుడూ తెరిచే ఉంటుంది. ఉత్తర్వు వచ్చాక ఎవరూ పారతో రాలేదు. "దిగొద్దన్నారు కదా, మరి తవ్వమంటారేటి?" అన్నారు పెద్దలు. అందులో తప్పు పట్టడానికి ఏముంది? నేను మిషను పంపమని ఆఫీసుకి రాశాను. నా కాగితం ఇంకా అక్కడే ఉండి ఉంటుంది.

ఆయన ఒక్కడే తవ్వడం మొదలుపెట్టాడు. పగలంతా తవ్వితే తెల్లారేసరికి అల సగం పూడ్చేసేది. అరవై అయిదేళ్ళ మనిషి చేసే పనేనా అని కేకలేశాను. ఇసక అవతల సముద్రంవైపు నీళ్ళల్లో వేలెడు పిల్లలు మందలుగా తిరుగుతున్నాయి. వాటిని చూపించి, "ఆయి వచ్చీసినాయి సారు," అన్నాడు. మరునాడు మధ్యాహ్నం తమ్ముడు నాకు ఫోను చేశాడు. అతని గొంతు నేను అంతకుముందు ఫోనులో వినలేదు.

"సారు, మా అన్న పోనాడు. మొగ కాడే పడిపోయున్నాడు," అన్నాడు.

నేను వెళ్ళేసరికి ఊరంతా అక్కడే ఉంది. మాట్లాడనివాళ్ళే మోశారు. తమ్ముడు ముందు పట్టాడు. మట్టి చేసేదాకా నేను వెనక నిలబడ్డాను, నన్ను ఎవరూ రమ్మనలేదు, పొమ్మనలేదు. మట్టి చేశాక మగవాళ్ళందరూ మొగలో మునిగి, ఆ తడిబట్టలతోనే ఇళ్ళకి పోవడం వాళ్ళ ఆనవాయితీ. అందరూ అటు నడిచారు. ఆయన సగం తీసిన కాలవ పక్కన, నీటి అంచున మా బోర్డు ఉంది. లోనికి దిగరాదు, దిగినవారు శిక్షార్హులు. బోర్డు దగ్గర అందరూ ఆగారు.

ఎవరో ఒకరు దాన్ని ఊడబెరికి పారేస్తారనుకున్నాను. అలా చేస్తే నాకు హాయిగా ఉండేది. ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. చేతులకి ఎర్రమట్టి ఎండుతుండగా అలాగే నిలబడ్డారు. తమ్ముడు వెనక్కి నడిచి నా దగ్గరికొచ్చాడు.

"దిగొచ్చా సారూ?" అన్నాడు.

ఆ గొంతులో ఎత్తిపొడుపు కోసం వెతికాను. లేదు. నిజంగానే అడుగుతున్నాడు. అతను ఈత నేర్చుకున్న నీళ్ళు, అతని తండ్రిని మట్టి చేసి మునిగిన నీళ్ళు. నన్నెందుకు అడుగుతారు అనాలనుంది. అంటే, మరి ఎవర్ని అడగాలి అంటాడు. దిగండి అంటే ఏరు నాదని ఒప్పుకున్నట్టు. ఊరంతా నా నోటివైపు చూస్తోంది. ఆ రోజు వేదికమీద అనకుండా మింగిన, ఏరు మీదే అన్న మాట ఇప్పుడైనా అనాలనుకున్నాను. నోరు తెరిచాను.

"దిగండి," అన్నాను.

అతను వెనక్కి తిరిగి, "సారు దిగమన్నారు," అని చెప్పాడు.

అప్పుడు దిగారు.